బస్తాల చాటున పుట్టిన పిల్ల

పాలకొల్లు,
ఫిబ్రవరి, శుక్రవారం

రామలక్ష్మీ,

మా అబ్బాయి మహేంద్ర పెళ్ళయ్యాక నేను నీకు రాయలేదు. నువ్వూ రాయలేదు. ముందు నువ్వు రాస్తావేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఆ పంతం పక్కన పెట్టి కాగితం తీశానంటే, కారణం గుప్పెట్లో దాచేసేంత కోడిపిల్ల.

నవ్వకు. మా ఇంట్లోనే. ఉల్లిపాయకి కూడా ఏకాదశి నాడు సెలవిచ్చే మా ఇంట్లో.

మా పచారీ కొట్టు వెనక గోడౌన్ నువ్వు చూశావుగా. అక్కడ మినుముల బస్తాల చాటున ఒక కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని లేపే దాకా మాలో ఎవరికీ తెలీదు. వెనక సందులో ఇడ్లీ బండి పెట్టే వీరదుర్గది ఆ కోడి. బుధవారం పొద్దున్న బస్తాలు జరిపితే బయటపడింది. వీరదుర్గ బుట్ట పట్టుకొచ్చి తల్లినీ పిల్లల్నీ ఎత్తుకుంది. ఒక గుడ్డు మాత్రం మిగిలిపోయింది. పెంకు పగిలి, లోపల తడి తడిగా పిల్ల. సగం బయటికొచ్చి ఆగిపోయింది.

"ఇది బతకదండమ్మా. తల్లే వదిలేసింది. మీరూ వదిలేయండి" అంది.

నేనూ వదిలేసే వచ్చాను. మెట్ల దాకా వచ్చాక వెనక నుంచి ఆ పిల్ల అరిచింది. వెనక్కి వెళ్ళి పైట చెంగులో పట్టుకొచ్చాను. మా అత్తయ్యగారు వరండాలో జపం చేసుకుంటున్నారు. "పరమేశ్వరీ, ఆ చెంగులో ఏంటి?" అన్నారు. చెప్పాను. ఆవిడ మాల పక్కన పెట్టేసి, "మనింట్లోకి కోడా!" అన్నారు. వంటింటి గడప తొక్కనివ్వనని, అది ఉన్నన్నాళ్ళూ స్నానం చేసి గానీ పొయ్యి ముట్టనని మాటిచ్చి, వెనక వసారాలో అట్టపెట్టెలో పెట్టాను.

అప్పుడే మీ ఇంటికి ఫోన్ చేశాను. అన్నయ్యగారు ఎత్తారు. నువ్వు పెరట్లో ఉన్నావన్నారు. ఎప్పుడు చేసినా పెరట్లోనే ఉంటావు. నిన్ను అడిగొచ్చి, "తడి ఆరనివ్వమంది, వెచ్చగా ఉంచమంది, ఇవాళ తిండి పెట్టొద్దంది, మిగతాది ఉత్తరంలో రాస్తానంది" అన్నారు. సరే, రాయి. కోళ్ళ మధ్య పుట్టి పెరిగినదానివి, నీకు తెలియంది లేదు. ఇవాళ్టికి బతికే ఉంది. కానీ నిలబడటం లేదు.

పరమేశ్వరి


రామచంద్రపురం,
ఆదివారం

పరమేశ్వరీ,

ఉత్తరం అందింది. కోడి సంగతి ముందు.

పిల్ల పుట్టేటప్పుడు గుడ్డులోని పచ్చసొనని కడుపులోకి లాక్కుని పుడుతుంది. అందుకే మొదటి రోజు తిండి అక్కర్లేదు. ఇప్పుడు పెట్టు. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త బెల్లం కలిపి, ముక్కు కొస మాత్రం ముంచు. నీళ్ళు నోట్లో పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తర్వాత గుడ్డు ఉడికించి పచ్చసొన చిదిమి పెడితే త్వరగా కోలుకుంటుంది. నూక తర్వాత.

పెట్టెలో ఒక మూల బల్బు వేలాడదియ్యి. రెండో మూల చల్లగా ఉండాలి. ఎక్కడ బాగుంటే అక్కడికి అదే జరుగుతుంది.

ఇంకోటి. "అరిచింది" అని రాశావు. ఎలా అరిచింది? అది రాయకపోతే నాకేం తెలుస్తుంది? ఆపకుండా కీచుమని అరుస్తుంటే చలేస్తున్నట్టు. ఏమీ అనకుండా రెక్కలు విడదీసి, ముక్కు తెరుచుకుని ఉంటే వేడికి ఓర్వలేనట్టు. నిద్రకి ముందు గొంతులోనే కిరకిరమంటుంది, చిన్నగా. అలా అంటే సుఖంగా ఉన్నట్టు. దగ్గర కూర్చుని విని, ఎలా ఉందో అలా రాయి.

పెళ్ళి బాగా చేశారు. ఆ మాట అప్పుడే రాయాల్సింది.

రామలక్ష్మి


పాలకొల్లు,
బుధవారం

రామలక్ష్మీ,

గుడ్డు ఉడికించాలా? ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ మా ఇంట్లో గుడ్డు ఉడకలేదే! నీ ఉత్తరం పొరపాటున పైకి చదివాను. అత్తయ్యగారు, "కోడిపిల్లకి కోడిగుడ్డు పెట్టడమేంటమ్మా, ఇదెక్కడి వరస?" అన్నారు. వేరే ఏదైనా చెప్పు.

బల్బు సంగతి విను. ఇంట్లో ఉన్నవన్నీ ఎల్ఈడీ బల్బులే. ఒకటి తెచ్చి వేలాడదీశాను. వెలుగుంది, వేడి లేదు. పిల్ల దాని కింద వణుకుతూ కూర్చుంది. మా వారు వచ్చి చూశారు. ఇంట్లో కోడి ఉన్నట్టు ఆయనకి తెలియదన్నట్టే ఉంటున్నారు. కొట్లోకి వెళ్ళి, అటక మీద వెతికి, ముట్టుకుంటే చెయ్యి కాలే పాతకాలం పసుపు బల్బు ఒకటి తుడుచుకుంటూ తెచ్చారు. "ఇది అమ్ముడుపోదు. ఎలాగూ పడే ఉంది" అన్నారు. ఆ మర్నాటి నుంచి కొట్టు తెరవబోతూ, "బస్తా ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. బస్తాల వెనక దొరికిందని బస్తా అని పేరు పెట్టారు. పట్టుమని తులం బరువు లేదు.

ఇక దాని గొంతు. నువ్వు చెప్పినట్టే స్టూలు వేసుకుని కూర్చుని విన్నాను. బల్బు రాక ముందు, సైకిల్ చక్రానికి నూనె లేకపోతే ఎలా కీచుమంటుందో అలా, గుక్క తిప్పుకోకుండా అరిచింది. బల్బు పెట్టాక అరుపుకీ అరుపుకీ మధ్య ఖాళీ పెరిగింది. తర్వాత నా చెయ్యి పెట్టెలో పెడితే వేళ్ళ కిందికి దూరింది. అప్పుడు గొంతులో ఏదో మొదలైంది. అరుపు కాదు. మంచి పట్టుచీర మడత విప్పుతుంటే చప్పుడవుతుందే, అలాంటిది. మెత్తగా, పైకి లేస్తూ, ఆగుతూ. ఆగిపోయాక చూస్తే నిద్రపోయింది. నువ్వు రాసిన కిరకిర అదేనా?

కానీ కాళ్ళు బాగాలేవు. చెరో వైపుకీ జారిపోతున్నాయి. నేల మీద ఈత కొడుతున్నట్టుంది. ఏం చెయ్యను?

నీ కోళ్ళెలా ఉన్నాయి? ఈసారి ఎన్ని పిల్లలు?

పరమేశ్వరి


రామచంద్రపురం,
శనివారం

పరమేశ్వరీ,

అదే కిరకిర. పట్టుచీర మడత అన్నావు చూడు, సరిగ్గా అదే. నీ ఉత్తరంలో ఆ నాలుగు వాక్యాలూ రెండు మూడు సార్లు చదివాను.

పెట్టెలో కింద పేపరు వేశావు కదూ? తీసెయ్. పేపరు జారుతుంది, అందుకే కాళ్ళు విడిపోతాయి. మీ దగ్గర గోనె సంచులకి కరువేంటి, ముక్క కోసి వెయ్యి. పట్టు దొరుకుతుంది. దెబ్బకి వేసే బ్యాండేజీ పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్ళకీ కలిపి చుట్టు. మధ్యలో వేలు పట్టేంత ఎడం ఉండాలి. ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు చుట్టాలి. ఒక్కదానివీ చెయ్యకు, కాలు విరుస్తావు. మొదట పడిపోతుంది, చూసి జాలిపడి విప్పెయ్యకు. ఎముక లేతగా ఉన్నప్పుడే సర్దుకుంటుంది. నాలుగైదు రోజులు ఉంచు.

గుడ్డు వద్దంటే, వేయించిన శనగపప్పు పొడి చేసి, నూకలో కలిపి, తడిపొడిగా పెట్టు. గోడౌన్‌లో చెదపట్టిన చెక్క ఉంటే ఓ ముక్క పెట్టెలో పడెయ్. ఏం తింటోందో మీ అత్తగారికి చెప్పకు.

ఈసారి రాసేటప్పుడు, తింటున్నప్పుడు ఏమంటుందో కూడా రాయి. తిండి కనపడగానే అవి ఒకలా అంటాయి, మింగేటప్పుడు ఇంకోలా.

ఇక్కడ రెండో పంట, దాళ్వా చేలు బాగానే ఉన్నాయి. కాలవ నీళ్ళకి ఇబ్బంది లేదు.

రామలక్ష్మి


పాలకొల్లు,
మార్చి, సోమవారం

రామలక్ష్మీ,

మొన్న గురువారం బస్తా పోయిందనుకున్నాను.

కాళ్ళకి పట్టీ వేశాం. పట్టుకున్నది ఎవరనుకున్నావు? అత్తయ్యగారు! "అలా కాదు, నాకివ్వు" అని లాక్కున్నారు. తర్వాత తలస్నానం చేశారనుకో. మొదట రెండు రోజులూ బోర్లా పడేది, నేను మొహం తిప్పుకునేదాన్ని. తర్వాత నిలబడింది. ఒక అడుగేసింది. అత్తయ్యగారు, "అదిగో, అదిగో" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యి వచ్చేసరికి కళ్ళు మూసుకుని, ఈకలు ఉబ్బించుకుని, మూల నిలబడి ఉంది. తిండి చూపిస్తే తల తిప్పేసింది. మాటా పలుకూ లేదు. మీ ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్యగారు చేలో ఉన్నారు. నిన్ను అడిగొచ్చి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక, వీరదుర్గ బండి దగ్గరికి పరిగెత్తాను. తను వచ్చి పిల్లని ఎత్తి చూసి, "రెట్ట అంటుకుని దారి మూసుకుపోయిందండీ, కడుపు ఉబ్బిపోయింది. కడిగితే తేరుకుంటాది" అంది. తన చేతులకి పిండి అంటుకుని ఉంది. నేనే కూర్చున్నాను. గోరువెచ్చటి నీళ్ళు, దూది. ముప్పావుగంట పట్టింది. పీకితే చర్మం ఊడుతుందట, నాననిచ్చి, కొద్ది కొద్దిగా. ముగ్గురు పిల్లల్ని పెంచినప్పుడు కూడా ఇంత ఊపిరి బిగపట్టి కడగలేదు. పని అయ్యాక కొబ్బరినూనె రాసి బల్బు కింద పెట్టాను. సాయంత్రం కొట్లో దీపం పెట్టే వేళకి లేచి, నూక పొడిచింది. తిండి చూడగానే గబగబా "టుక్కు టుక్కు టుక్కు" అంటుంది. మింగేటప్పుడు ఏమీ అనదు, కళ్ళు మాత్రం మూసుకుంటుంది. అడిగావుగా, అందుకని విన్నాను. ఇప్పుడు పట్టీ తీసేశాం. బాగా నడుస్తోంది, కాస్త కుడికి వాలుతుంది, అంతే.

ఇక కోడి సంగతి అయిపోయింది. నాది రాయనీ.

నేను నీ కోళ్ళ గురించి అడిగితే నువ్వు చేల గురించి రాశావు. శనివారం అన్నయ్యగారు ఫోన్ ఎత్తినప్పుడు నేనే అడిగాను. "కోళ్ళు లేవండి. ఇచ్చేసింది కదా" అన్నారు. నాకెందుకు చెప్పలేదు? ఫోన్‌కి ఎందుకు రావు? ఇంకొకటి కూడా అడిగేస్తాను. మహేంద్ర పెళ్ళిలో ఫొటోకి నిన్ను పిలిచాను. మండపం మీద నుంచి, మూడుసార్లు. అందరూ తిరిగి చూశారు. నువ్వు మాత్రం వినపడనట్టు అలా నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కేశావు. ఎనిమిదో తరగతి నుంచి పక్క పక్కన కూర్చున్నవాళ్ళం, నా కొడుకు పెళ్ళి ఫొటోలో నువ్వు లేవు. నేనేం తప్పు చేశానో ఇన్ని నెలలుగా వెతుక్కుంటున్నాను. ఉంటే చెప్పు. మనసులో పెట్టుకుని కోడిపిల్ల కబుర్లు రాసుకోవడం నాకు చేతకావడం లేదు.

పరమేశ్వరి


రామచంద్రపురం,
గురువారం

పరమేశ్వరీ,

వినపడనట్టు వెళ్ళిపోయానన్నావు. వినపడకే వెళ్ళాను.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద ఎలా వస్తుందో చూద్దాం. రెండేళ్ళ నుంచీ నా చెవులు తగ్గుతూ వస్తున్నాయి. ముందు పిట్టలు పోయాయి. తెల్లారి లేస్తే పెరడంతా నిశ్శబ్దంగా ఉంటే, ఈ ఏడు పిట్టలు రాలేదేమో అనుకున్నాను. తర్వాత ఆడపిల్లల మాటలు, చిన్నపిల్లల మాటలు. ట్రాక్టరు వినపడుతుంది. మా ఆయన దగ్గితే వినపడుతుంది. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే, పెదాలు చూసి చాలా వరకు అందుకుంటాను. ఫోన్‌లో పెదాలు ఉండవు. అందుకే పెరట్లో ఉంటాను. మెసేజీలు పెట్టుకోవచ్చు గానీ, ఇంట్లో ఉన్న ఫోన్ ఒకటి ఆయన జేబులో, ఒకటి కోడలి చేతిలో. ఉత్తరం నా ఒక్కదానిదే.

మహేంద్ర పెళ్ళిలో బ్యాండు మేళం మధ్య నువ్వు పిలిచావని ఇవాళ నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నువ్వు సందడిలో ఉన్నావు, చెప్పకుండా వెళ్ళినా ఏమీ అనుకోవులే అనుకున్నాను. నువ్వు ఇన్నాళ్ళు బాధపడ్డావని తెలియదు.

కోళ్ళ సంగతి. కిందటి వేసవిలో అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను. కొబ్బరి పీచు డొక్కల గుట్టలో పిల్ల ఒకటి ఇరుక్కుంది. నా కాళ్ళ దగ్గరే. మా కోడలు సుప్రియ మేడ మీద నుంచి పరిగెత్తుకుంటూ దిగి, డొక్కలు తీసి పిల్లని పైకెత్తింది. "అత్తయ్యా, అంత గోల పెడుతుంటే తీయలేదేంటండీ?" అంది. దాని పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "తీద్దామనే అనుకుంటున్నాలే" అన్నాను. పిల్లకి ఏమీ కాలేదు. కానీ నోరు తెరిచి అరుస్తున్న పిల్లని కోడలి చేతిలో చూస్తూ నిలబడ్డాను. నోరు కనపడుతోంది, అరుపు లేదు. ఆ వారంలోనే కోళ్ళన్నీ మా తోటికోడలికి ఇచ్చేశాను. ఓపిక లేదన్నాను.

ఎందుకు దాచావంటావు. మా అత్తగారికి ముసలితనంలో చెవుడొచ్చింది. నువ్వు ఆవిడ్ని చూశావు. ఆవిడ ముందే ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్ళు. అన్నం తిందా, మందేసుకుందా, ఎప్పుడు పడుకుంటుంది అని. ఆవిడ అందరి మొహాలూ చూసి నవ్వుతూ కూర్చునేది. నాకు ఆ నవ్వంటే భయం.

నువ్వు ఆ పట్టుచీర మడత గురించి రాసినప్పుడు మాత్రం వినపడింది. చదువుతుంటే చెవిలో పడ్డట్టే ఉంది. అందుకే అడిగి అడిగి రాయించుకున్నాను. కోపగించుకోకు.

రామలక్ష్మి


పాలకొల్లు,
ఏప్రిల్, మంగళవారం

రామలక్ష్మీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు జవాబు రాయడానికి కూర్చుని లేచిపోయాను. మర్నాడూ అంతే. నీ మీద కోపమని నాలుగు వాక్యాలు రాసి చింపేశాను. తర్వాత వసారాలో బస్తా దగ్గర కూర్చున్నాను. అది కాళ్ళ మధ్య తిరుగుతూ ఏదో అంటోంది. ఈ చిన్న చప్పుడు లేకుండా నువ్వు ఇన్నాళ్ళుగా పొద్దున్నే లేస్తున్నావన్నమాట. నాకు ఏడుపొచ్చింది. రాద్దామనుకున్నది ఇంతే, దీనికి ఇన్ని రోజులు పట్టింది.

సరే. ఇప్పుడు బస్తాకి రెక్కలొచ్చాయి. అట్టపెట్టె దాటి, వసారా దాటి, నిన్న అత్తయ్యగారి తులసికోట ఎక్కి కూర్చుంది. ఆవిడ కసరలేదు. "దిగమ్మా, దిగు" అని బతిమాలుతున్నారు. కానీ ఇక్కడ దానికి తోడు లేదు. అద్దంలాంటి స్టీలు బిందె ముందు నిలబడి అందులో పిల్లతో మాట్లాడుతోంది. మా వారు చూసి, "పాపం, దాని జాతి దానికి కావాలి" అన్నారు. వీరదుర్గకి తిరిగి ఇచ్చేద్దామని బుట్టలో పెట్టి పిలిస్తే, వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే కండ పట్టిందండమ్మా" అంది. ఆ మాటతో అత్తయ్యగారు బుట్ట లాక్కుని లోపలికి వెళ్ళిపోయారు. వీరదుర్గ నవ్వి, "ఉంచుకోండమ్మా, మీరు బతికించారు, మీదే" అని వెళ్ళింది.

నువ్వే తీసుకోవాలి. మీ ఇంట్లో ఆదివారాలు ఏం వండుకుంటారో నాకు తెలుసు. అందుకే ముందే మాట తీసుకుంటున్నాను. ఇంకా నువ్వు నాతో కాకినాడ గానీ రాజమండ్రి గానీ చెవుల డాక్టర్ దగ్గరికి వస్తున్నావు. మా వారి కారు ఉంది. ఇక్కడ కళ్ళజోడు లేనివాళ్ళెవరు? చెవికి పెట్టుకుంటే తప్పొచ్చిందా?

పరమేశ్వరి


రామచంద్రపురం,
శనివారం

పరమేశ్వరీ,

పేరు పెట్టిన కోడిని మా ఇంట్లో కొయ్యరు. మీ అత్తగారికి నా మాటగా చెప్పు.

కోళ్ళు వద్దనుకున్నాను. అయినా తీసుకురా. తోటికోడలి దగ్గర నుంచి రెండు పెట్టల్ని తెచ్చి ఉంచుతాను, తోడుంటాయి. ఎండెక్కక ముందే బయల్దేరండి. బుట్టలో కింద తడిగుడ్డ వెయ్యి.

డాక్టర్ మాట మా ఇంట్లో ఎత్తనంటేనే రా.

రామలక్ష్మి


పాలకొల్లు,
మే, ఆదివారం

రామలక్ష్మీ,

మీ ఇంట్లో ఎత్తనన్నాను. ఎత్తలేదు. ఉత్తరంలో ఎత్తనని ఎక్కడా అనలేదు.

ముందు బస్తా సంగతి. బుట్ట మూత తియ్యగానే ఆ రెండు పెట్టలూ వచ్చి చెరొకటి పొడిస్తే నా ప్రాణం పోయింది. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఆపావు. "పొడవనీ, ఊరికే చూస్తున్నాయంతే" అన్నావు. అరగంటకి మూడూ కలిసి మట్టి గీక్కుంటున్నాయి. వచ్చేటప్పుడు అది నా వైపు చూడనే లేదు. కారులో కాసేపు ఉడుక్కున్నాను. ఇంటికొచ్చాక అత్తయ్యగారు ఖాళీ పెట్టె చూసి, "కడిగి ఎండబెట్టు" అన్నారు. కడిగి ఎండబెట్టాను. పారేద్దామని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పుడు నీ సంగతి. మనిద్దరం అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నంతసేపూ నువ్వు నువ్వుగానే ఉన్నావు. లెక్కల మాస్టారి పంచె సంగతి తల్చుకుని నవ్వుకున్నాం చూడు, కడుపు నొప్పొచ్చింది. తర్వాత భోజనాలు. సుప్రియ, "పులుసు పోయనా అత్తయ్యా?" అంది. నువ్వు తల ఊపావు. "చాలా?" అంది. దానికీ తల ఊపావు. ఆ పిల్ల గరిట పట్టుకుని నిలబడిపోయింది. అన్నయ్యగారు కాలవ పూడిక గురించి ఏదో చెప్పారు. మా వారు నవ్వారు, నువ్వూ నవ్వావు. అది నవ్వే మాట కాదే. ఆయన ఎవరికో కాలు జారి దెబ్బ తగిలిందని చెబుతున్నారు.

మీ అత్తగారి నవ్వంటే భయమని రాశావు. నేను నిన్న ఆ నవ్వు నీ మొహాన చూశాను. అప్పుడు ఆవిడ్ని ఇంట్లోవాళ్ళు దూరం పెట్టారు, నిజమే. ఇప్పుడు నిన్ను మాత్రం ఎవరూ దూరం పెట్టలేదు. నువ్వే పెరట్లోకి వెళ్ళి కూర్చున్నావు. నీకు కోపం వస్తే రానీ. కనీసం అన్నయ్యగారికైనా చెప్పు. ఆ తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం. మళ్ళీ అడగను.

పరమేశ్వరి


రామచంద్రపురం,
జులై, బుధవారం

పరమేశ్వరీ,

నీ మే నెల ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. కోపం వచ్చింది. చాలా రోజులు ఉంది కూడా. తర్వాత ఒక మధ్యాహ్నం సుప్రియ నా పక్కన కూర్చుని తలకి నూనె రాస్తూ ఏదో చెబుతోంది. వెనక కూర్చుంది కాబట్టి పెదాలు కనపడవు. దాని చేతి కదలికని బట్టి, చాలా ఇష్టంగా చెబుతోందని తెలుస్తోంది. అయిపోయాక ముందుకొచ్చి, ఏమంటావన్నట్టు నా మొహం చూసింది. నవ్వబోయాను. నీ మాట గుర్తొచ్చింది. "నాకు వినపడలేదమ్మా. కొంతకాలంగా వినపడటం లేదు" అన్నాను. ఆ పిల్ల నా మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. తర్వాత ఎదురుగా కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. మూడో నెలట. మొదటిసారి చెప్పింది కూడా అదే.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను. ఆయన కండువా దులిపి వేసుకుంటూ, "తెలుసే" అన్నారు. "మరి అడగలేదేం?" అన్నాను. "నువ్వు చెప్పనిది నేనెలా అడగను?" అన్నారు. అంతే. మర్నాడు రాజమండ్రి వెళ్ళాం. నిన్ను పిలవలేదని అనుకోకు, ఆయనే తీసుకెళ్తానన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నా ఎదురుగా కూర్చుని నాతోనే మాట్లాడింది, ఆయనతో కాదు. పూర్తిగా బాగవదంది. మిషన్ పెడితే చాలా వరకు వినపడుతుందంది.

పెట్టుకుని వారమైంది. బాగుందని చెప్పలేను. గిన్నె కింద పెడితే నెత్తిన పెట్టినట్టుంది. ఫ్యాను ఇంత గొడవ చేస్తుందని ఎవరికి తెలుసు? మొదటి రెండు రోజులూ తీసి డబ్బాలో పడేశాను. సుప్రియ తెచ్చి మళ్ళీ పెట్టింది.

బస్తా దగ్గరికి వెళ్ళాను. అదే ముందు విందామనుకున్నాను. కానీ అది పెద్దదైపోయింది పరమేశ్వరీ. గొంతు మారిపోయింది. పెట్టలాగే "కొక్కొక్కొక్" అంటుంది. ఆ కిరకిర దాని దగ్గర లేదు. చాలాసేపు పక్కన కూర్చున్నాను. కాస్త కుడికి వాలి నడుస్తుంది, ఆ రెండు పెట్టల మీదా పెత్తనం చేస్తుంది. ఆ చిన్న గొంతు నువ్వు విన్నావు, నేను చదివాను. అంతవరకే రాసిపెట్టి ఉంది. మీ అత్తగారికి చెప్పు, అది బాగుంది.

అసలు ఈ ఉత్తరం రాయాలనుకున్నది ఇవాళ పొద్దున్నది చెప్పడానికి. నాట్లు మొదలయ్యాయి, ఆయన పెందలాడే చేలోకి వెళ్తున్నారు. నేను నూతి చప్టా దగ్గర అంట్లు తోముతున్నాను, వాకిలి వైపు వీపు పెట్టి. గేటు తీసిన చప్పుడైంది. ఆ తర్వాత, "వెళ్ళొస్తానే" అన్నారు. గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే. చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. జవాబు కోసం చూడలేదాయన, గేటు వేసేస్తున్నారు. అప్పుడు తెలిసింది. ఇది ఇవాళ కొత్తగా అన్న మాట కాదు. రోజూ అంటూనే ఉన్నారు. నేను వీపు తిప్పి అంట్లు తోముకుంటూనే ఉన్నాను.

"గొడుగు తీసుకెళ్ళండి" అన్నాను.

గేటు చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే ఆయన గేటు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆయన పైకి చూశారు, నా వైపు చూశారు. వెనక్కి వచ్చి, వసారాలో మేకుకి ఉన్న గొడుగు తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళారు.

రామలక్ష్మి